పాత కారులో మిస్సింగ్: స్కానరా, మల్టీమీటరా, కంప్రెషన్ గేజా?

ఇంజిన్ వణుకుతోంది, పికప్ పడిపోయింది, చెక్ ఇంజిన్ దీపం వెలిగింది. ఇదే మిస్సింగ్, అంటే మిస్‌ఫైర్: ఏదో ఒక సిలిండర్ సరిగా పేలడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా కోడ్ చదివించుకుంటారు. అది మంచి పనే. ఆ తర్వాత కోడ్ వివరణలో ఏ సెన్సర్ పేరు కనిపిస్తే దాన్ని కొనుక్కొస్తారు. డబ్బు పోయేది అక్కడే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పాత పెట్రోలు కారుకు ఖరీదైన స్కానర్ ఒక్కటే ఉన్నవారికంటే, లైవ్ డేటా (నడుస్తున్న ఇంజిన్ కొలతలు) చూపించే మామూలు స్కానర్, డిజిటల్ మల్టీమీటర్, సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ మూడూ దగ్గరున్నవారు తొందరగా లోపం పట్టుకుంటారు. కోడ్ అంటే ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఇచ్చిన ఫిర్యాదు. తాను ఆశించిన కొలతకూ వచ్చిన కొలతకూ పొంతన లేదని మాత్రమే అది చెబుతుంది. తప్పు సెన్సర్‌దా, తీగదా, గాలి లీకుదా, అరిగిన వాల్వుదా అన్నది దానికి తెలియదు.

నడపవచ్చా, ఆపాలా?

పనిముట్ల మాట తర్వాత. దీపం కదలకుండా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు. అదే దీపం ఆరుతూ వెలుగుతుంటే మిస్సింగ్ తీవ్రంగా ఉందని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి వెళ్లి పొగను శుద్ధి చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది, కన్వర్టర్ లోపలి ఇటుక కరిగిపోయేంత వేడెక్కుతుంది. ఆ స్థితిలో యాక్సిలరేటర్ వదిలి, కారును పక్కకు తీసి ఇంజిన్ ఆపడమే సరైన ఎంపిక. ప్లగ్‌కు స్పార్కు అందించే కాయిల్ ఒకటి మార్చాల్సిన చోట కాయిల్‌తో పాటు కన్వర్టర్ కూడా కొనుక్కోవడం ఎవరికీ సరదా కాదు. ప్లగ్ వైరు ఒక్కొక్కటే పీకి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసే పాత పద్ధతిని కన్వర్టర్ ఉన్న కార్లలో ఎక్కువసేపు ప్రయోగించకూడదనేది కూడా ఇందుకే.

మీ కారు ఏ తరానిది?

ఏ పనిముట్టు పనికొస్తుందో తేల్చేది కారు వయసు. కార్బురేటర్, డిస్ట్రిబ్యూటర్ ఉన్న కారులో సాధారణంగా కోడ్ అనే మాటే ఉండదు. అక్కడ స్కానర్ కొనడం దండగ. టైమింగ్ లైటు, వాక్యూమ్ గేజ్, డిస్ట్రిబ్యూటర్ మూతలో పగుళ్లు వెతికే ఓపిక ఉంటే చాలు.

ఆ తర్వాతి తరం, అంటే 1980ల నుంచి 1990ల మధ్య వరకు వచ్చిన చాలా ఇంజెక్షన్ కార్లలో కోడ్‌లు దీపం మిణుకుల రూపంలో వస్తాయి. కనెక్టర్‌లో రెండు పిన్నులను చిన్న తీగతో కలిపి, దీపం ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టాలి. ఉదాహరణకు ఆ కాలపు జనరల్ మోటార్స్ కార్లలో ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా ముందుగా 12 అనే కోడ్ వస్తుంది. అది లోపం కాదు, ఇంజిన్ తిరగడం లేదని చెప్పడమే. ఈ తరానికి కావలసింది ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్, మీటర్. ఏ పిన్నులు కలపాలో కంపెనీ కంపెనీకీ మారుతుంది కాబట్టి ఊహించి కలపవద్దు.

కనెక్టర్‌కూ కోడ్‌లకూ ఉమ్మడి ప్రమాణమైన ఓబీడీ-2 పద్ధతి అమెరికాలో 1996 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్యలో పెట్రోలు కార్లకు 2001 నుంచి, డీజిల్ కార్లకు 2004 నుంచి అమలైంది. స్టీరింగ్ కింద 16 పిన్నుల కనెక్టర్ కనిపించగానే అది ఓబీడీ-2 అని తేల్చేసుకోకండి. 1990ల నడుమ కొన్ని కార్లకు కనెక్టర్ ఆ ఆకారంలోనే ఉన్నా లోపలి భాష వేరు. బానెట్ కింద అతికించిన ఉద్గారాల లేబుల్ మీద ఓబీడీ-2 అని రాసి ఉందేమో చూడటం నమ్మదగిన పద్ధతి.

నాలుగు రకాల స్కానర్లు

కోడ్ మాత్రమే చూపి, చెరిపే చిన్న రీడర్ అన్నిటికంటే చవక. దాన్ని కొనవద్దనే చెబుతాను. లైవ్ డేటా, ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో నమోదైన కొలతలు) లేకపోతే మిస్సింగ్ విషయంలో సగం చీకట్లోనే ఉంటారు.

ఫోనుతో బ్లూటూత్ లేదా వైఫై ద్వారా కలిసే ఈఎల్‌ఎం327 రకం అడాప్టర్‌కు కూడా ఖర్చు తక్కువే, కానీ ఇది చాలా ఎక్కువ చూపిస్తుంది. మంచి యాప్ ఉంటే ఫ్యూయెల్ ట్రిమ్‌లను (ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకెలను) గ్రాఫ్‌గా చూడవచ్చు, రికార్డు చేసుకోవచ్చు. చిక్కల్లా నకిలీలతోనే. అట్ట మీద అన్ని ప్రోటోకాల్‌లూ (కారూ స్కానరూ మాట్లాడుకునే భాషలు) రాసి ఉంటాయి, పాత కార్లు వాడే జే1850, ఐఎస్ఓ 9141 దగ్గరికి వచ్చేసరికి కొన్ని అడాప్టర్లు మూగబోతాయి. కొనేముందు మీ కారు ఏ ప్రోటోకాల్ వాడుతుందో తెలుసుకుని, అదే కారుకు అది పనిచేసిందన్న దాఖలా చూడండి. ఐఎస్ఓ 9141 వేగం సెకనుకు 10.4 కిలోబిట్లే. అందువల్ల తెర మీద పది కొలతలు పెడితే ఒక్కొక్కటి మారడానికి సెకన్లు పడుతుంది, ఆ మధ్యలో జరిగిన కుదుపు కనిపించదు. ఒకసారి రెండు మూడు కొలతలే పెట్టి చూడండి. ఇంకొక మాట: 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ వస్తుంటుంది. అడాప్టర్‌ను కనెక్టర్‌లోనే వదిలేస్తే వారాల తరబడి కదలని కారు బ్యాటరీ దిగిపోతుంది.

తెరతో విడిగా వచ్చే మధ్యరకం స్కానర్‌కు ఫోను అక్కర్లేదు, కనెక్షన్ తెగదు, మోడ్ 6 (ఈసీయూ స్వీయపరీక్షల) ఫలితాలు కూడా చూపిస్తుంది. క్యాన్ ప్రోటోకాల్ వాడే కార్లలో సిలిండర్ వారీగా మిస్‌ఫైర్ లెక్కలు ఈ మోడ్ 6లోనే ఉంటాయి. కోడ్ పడకముందే ఏ సిలిండర్ తడబడుతోందో ఇక్కడ తెలుస్తుంది. అమెరికాలో అమ్మిన కార్లన్నింటికీ 2008 నుంచి క్యాన్ తప్పనిసరి. అంతకన్నా పాతదైతే మోడ్ 6 ఉన్నా దాని అంకెలకు అర్థం కంపెనీ మాన్యువల్‌లోనే దొరుకుతుంది.

నాలుగోది, ఇంజెక్టర్‌ను ఆపి చూడటం, పంపును నడిపి చూడటం వంటి ఆజ్ఞలు కూడా ఇవ్వగల పెద్ద స్కానర్. ఇళ్లల్లో మూడు నాలుగు కార్లు ఉన్నవారికీ మెకానిక్‌లకూ ఇది గిట్టుబాటు. ఒక్క పాత కారు ఉన్నవారికి మాత్రం అవసరం లేదనే నా లెక్క. అంత పాత ఈసీయూ చాలాసార్లు ఆ ఆజ్ఞలను వినదు కూడా.

పీ0301 వస్తే ఏం చేయాలి?

మిస్‌ఫైర్‌ను ఈసీయూ నేరుగా చూడదు. ప్రతి సిలిండర్ పేలినప్పుడు క్రాంక్ షాఫ్ట్ కాస్త వేగం పుంజుకోవాలి. ఏ సిలిండర్ వంతులో ఆ పుంజుకోవడం కనిపించలేదో, దాని మీద కోడ్ పడుతుంది. పీ0301 అంటే 1వ సిలిండర్, పీ0304 అంటే 4వది. పీ0300 అంటే ఒకే సిలిండర్ మీద వేలు చూపలేనన్నమాట.

ఒక్క సిలిండర్ కోడ్ వస్తే, ప్రతి సిలిండర్‌కూ విడి కాయిల్ ఉన్న కారులో పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. ముందుగా ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న ఇంజిన్ వేగం, లోడు, కూలెంట్ వేడి రాసుకోండి. కోడ్ చెరిపితే అవి కూడా పోతాయి. తర్వాత 1వ సిలిండర్ కాయిల్‌ను 3లోకి, 3లోదాన్ని 1లోకి మార్చండి. ప్లగ్‌లను మాత్రం ఇప్పుడే కదపవద్దు. ఒకేసారి రెండూ మారిస్తే దేనివల్ల ఫలితం వచ్చిందో తెలియదు. కోడ్ చెరిపి, ఫ్రీజ్ ఫ్రేమ్ చెప్పిన వేగం, లోడు, వేడి వచ్చేలా నడపండి. కోడ్ పీ0303గా మారితే దోషం కాయిల్‌ది. పీ0301గానే ఉంటే ఇప్పుడు ప్లగ్‌లు మార్చి చూడండి, ఆ తర్వాత ఇంజెక్టర్లు. మూడూ మార్చినా 1వ సిలిండర్‌లోనే ఉండిపోతే, ఇక కొత్త విడిభాగాల మాట మానేసి కంప్రెషన్ గేజ్ తీయాల్సిందే.

కాయిల్ పైకి తీసినప్పుడు దాని రబ్బరు గొట్టంలోకి టార్చి వేసి చూడండి. గొట్టం లోపల గానీ, ప్లగ్ పింగాణీ మీద గానీ పెన్సిల్ గీత లాంటి నల్లటి సన్నని చార ఉంటే, స్పార్కు ప్లగ్ మొన దగ్గర కాకుండా ఆ చార వెంట జారిపోతోందన్నమాట. అప్పుడు ప్లగ్, రబ్బరు గొట్టం రెండూ మార్చాలి. ఒకటే మారిస్తే పాతదాని మీది చార కొత్తదానికీ అంటుకుంటుంది. ప్లగ్ గుంతలో నూనె నిలిచి ఉంటే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ కూడా ఆ పట్టీలో చేర్చుకోండి.

రెండు సిలిండర్లకు ఒకే కాయిల్ ఉండే పాత కార్లలో కోడ్‌ల జంట చాలా చెబుతుంది. పేలుడు క్రమం 1-3-4-2 అయిన నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో 1, 4 ఒక జంట. 2, 3 ఇంకో జంట. పీ0301, పీ0304 కలిసి వస్తే ఆ జంట కాయిల్‌ను ముందుగా అనుమానించవచ్చు. పక్కపక్కనే ఉన్న 1, 2 కలిసి వస్తే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి. తికమక పెట్టేది 2, 3 జంట. అవి కాయిల్ పంచుకుంటాయి, గోడ కూడా పంచుకుంటాయి. అక్కడ స్కానర్ ఎంత గొప్పదైనా తేల్చలేదు, కంప్రెషన్ కొలత తేలుస్తుంది.

మిస్సింగ్ ఎప్పుడు వస్తుందన్నది కూడా గమనించండి. ఎత్తు ఎక్కుతున్నప్పుడు, గట్టిగా రేజ్ చేసినప్పుడు వస్తే స్పార్కు వైపు మొగ్గు. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి, బలహీనమైన కాయిల్ అక్కడే చేతులెత్తేస్తుంది. ఐడిలింగ్‌లో వణికి, వేగంలో సర్దుకుంటే గాలి లీకు, మూసుకుపోయిన ఇంజెక్టర్, సరిగా కూర్చోని వాల్వు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిలింగ్‌లో మిస్ అయితే వాల్వ్ క్లియరెన్స్ కొలవండి. వేడిలో ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యే కారులో నా మొదటి అనుమానం క్రాంక్ సెన్సర్ మీదే.

మిశ్రమం కోడ్‌లు: సెన్సర్ చెప్పేది నిజమే కావచ్చు

పీ0171 అంటే మిశ్రమం పలచబడిందని. ఈ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవారు ఎందరో. నిజానికి చాలాసార్లు ఆ సెన్సర్ తన పని తాను సక్రమంగా చేసి, ఉన్న మాటే చెబుతుంది. మాట చెప్పినవాణ్ని మార్చేస్తే మిశ్రమం బాగుపడదు.

ఇక్కడ ఫ్యూయెల్ ట్రిమ్ చూడండి. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సవరణ), లాంగ్ టర్మ్ (స్థిరపడిన సవరణ) రెండింటినీ కూడితే ఈసీయూ ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో తెలుస్తుంది. ప్లస్ లేదా మైనస్ 10 శాతం లోపు ఉంటే పాత కారుకు కంగారు లేదు. ఐడిలింగ్‌లో 20 దాటి, 2500 ఆర్‌పీఎం వద్ద సున్నాకు దగ్గరగా వస్తే వాక్యూమ్ లీకు. చిన్న పగులు గుండా వచ్చే గాలి ఐడిలింగ్‌లో పెద్ద వాటా, వేగంలో చిన్న వాటా. అలా కాకుండా లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎయిర్ ఫ్లో సెన్సర్ తక్కువ గాలి లెక్కిస్తోంది. ఆ సెన్సర్‌ను దానికని అమ్మే క్లీనర్‌తో కడిగి చూశాకే కొత్తది గురించి ఆలోచించండి.

పీ0301, పీ0171 కలిసి వస్తే? ముందుగా మిస్‌ఫైర్ చూడాలి. పేలని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ అంతా బయటికి వస్తుంది, సెన్సర్ దాన్ని చూసి మిశ్రమం పలచన అనుకుంటుంది. సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ పైపు కారుతున్నా ఇదే మోసం జరుగుతుంది.

వాక్యూమ్ లీకు వెతకడానికి క్లీనర్ చల్లి ఇంజిన్ శబ్దం మారుతుందేమో వినేవారున్నారు. పనిచేస్తుంది, కానీ వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే ద్రవం చల్లడం నాకు నచ్చని పద్ధతి. ఇంజిన్ ఆపి ఇన్‌టేక్‌లోకి పొగ పంపే యంత్రం మెకానిక్ దగ్గర ఉంటే దానికే ఓటు. పొగ ఎక్కడి నుంచి వస్తుందో కళ్లకు కనిపిస్తుంది, వాదన ఉండదు.

సెన్సర్ కోడ్‌లకు మీటర్‌ను మించింది లేదు

సెన్సర్ కోడ్‌లలో రెండు జాతులు ఉన్నాయి. వోల్టేజి మరీ ఎక్కువ, మరీ తక్కువ అనేవి సర్క్యూట్ కోడ్‌లు: తీగ తెగడం, సెన్సర్ కనెక్టర్ చిలుము పట్టి పచ్చబారడం, సెన్సర్ లోపల తెగడం. కొలత నమ్మశక్యంగా లేదు, స్పందన నెమ్మదిగా ఉంది అనేవి పనితీరు కోడ్‌లు. వీటి వెనుక తరచుగా సెన్సర్ కాక ఇంజిన్ ఉంటుంది. మొదటి జాతికి మీటర్, రెండో జాతికి లైవ్ డేటా.

పీ0118 తీసుకోండి: కూలెంట్ వేడి సెన్సర్ వోల్టేజి ఎక్కువ. లైవ్ డేటాలో కూలెంట్ మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంటే తీగ ఎక్కడో తెగినట్టు. సెన్సర్ ప్లగ్ పీకి, తీగల వైపున్న రెండు పిన్నులను చిన్న తీగతో కలపండి. తెర మీద వేడి అమాంతం పైకి ఎగబాకితే తీగలూ ఈసీయూ బాగున్నట్టే, సెన్సరే పోయింది. మైనస్ 40 కదలకపోతే కొత్త సెన్సర్ కొన్నా అదే చూపిస్తుంది, తీగ వెంట వెతకాలి. ఈ పరీక్ష రెండు పిన్నుల వేడి సెన్సర్లకే. మూడు పిన్నులున్న వాటికి 5 వోల్టుల సరఫరా వస్తుంది, అక్కడ పిన్నులు కలిపితే సరఫరా షార్ట్ అవుతుంది.

ఒకేసారి సంబంధం లేని నాలుగైదు కోడ్‌లు పడితే ఏ సెన్సర్‌నూ కొనకండి. బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఇంజిన్‌కూ బాడీకీ మధ్యనున్న ఎర్త్ తీగ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.7 వోల్టులు ఉండాలి. అవి సరిగా ఉంటే, సెన్సర్లు పంచుకునే 5 వోల్టుల తీగను కొలవండి. ఒక సెన్సర్ లోపల షార్ట్ అయితే అది మిగతావాటి సరఫరానూ లాగేస్తుంది. ఒక్కొక్క సెన్సర్ ప్లగ్ పీకుతూ పోండి. ఏది పీకగానే మీటర్ మళ్లీ 5కు వస్తుందో అదే దొంగ. ఈ పనికి బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ వాడకూడదు. అది లాగే కరెంటుకు ఈసీయూ లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

కంప్రెషన్, వాక్యూమ్, లీక్‌డౌన్

వాక్యూమ్ గేజ్ చవక, ప్లగ్‌లు విప్పే పని లేదు. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యమైన ఇంజిన్ ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల పాదరసం దగ్గర ముల్లు నిలకడగా ఉంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి అడుగులకూ సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. ముల్లు ఒకే లయలో ఠక్కుమని పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి.

కంప్రెషన్ గేజ్ ఇంకా సూటిగా చెబుతుంది. ప్లగ్‌లన్నీ విప్పి, పెట్రోలు, స్పార్కు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పాలి. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. అతి తక్కువది అతి ఎక్కువదానిలో 75 శాతానికి దిగువన ఉంటే గట్టి తేడానే. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్. సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షకు కంప్రెసర్ కావాలి కాబట్టి ఆ పని షెడ్డులోనే చేయించుకోండి.

నా క్రమం ఇది: లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటిన కారులో మిస్‌ఫైర్ కోడ్ వస్తే, కాయిల్, ప్లగ్ అటూ ఇటూ మార్చి చూశాక కంప్రెషన్. ఇంజెక్టర్ కొనడానికి ముందే కంప్రెషన్.

ఏ విడిభాగం ఎలాంటిది కొనాలి?

క్రాంక్, క్యామ్, ఎయిర్ ఫ్లో, ఆక్సిజన్ సెన్సర్ల విషయంలో చవకవాటి జోలికి వెళ్లవద్దు. కారు కంపెనీ పెట్టె అక్కర్లేదు, కంపెనీకి మొదట సరఫరా చేసిన తయారీదారు పెట్టెలోని సరుకు చాలు. ఎయిర్ ఫ్లో సెన్సర్‌కు పేరూ ఊరూ లేని కొత్తదానికన్నా పాత కారు నుంచి తీసిన అసలుదే మేలంటాను. ప్లగ్‌లు మాన్యువల్ చెప్పిన హీట్ రేంజ్‌వే, అన్నీ ఒకేసారి. కాయిల్ ఒకటి పోతే ఒకటే మార్చండి, పాతవాటిలో బాగున్నది ఒకటి డిక్కీలో ఉంచుకోండి. ఇంజెక్టర్లు మూసుకుపోతే కొత్తవాటికన్నా ముందు శుభ్రం చేయించి, ఒక్కొక్కటి ఎంత పోస్తోందో కొలిపించడం తెలివైన ఖర్చు.

మెకానిక్‌కు ఎప్పుడు?

కంప్రెషన్ తక్కువని తేలినా, టైమింగ్ చైన్ అనుమానం వచ్చినా, వారానికోసారి మాత్రమే కనిపించే మిస్సింగ్ అయినా మెకానిక్ దగ్గరికే. చివరిదానికి వోల్టేజి మార్పులను గీతగా చూపే ఆసిలోస్కోప్ కావాలి, దాన్ని చదవడం వచ్చినవారు కావాలి. లోపం వెతికినందుకు విడిగా డబ్బు అడిగే మెకానిక్‌ను చూసి మొహం చిట్లించవద్దు. ఊరికే కోడ్ చదివి మూడు సెన్సర్ల పట్టీ చేతిలో పెట్టేవాడి దగ్గరే చివరికి ఎక్కువ ఖర్చవుతుంది, అది గుడ్డెద్దు చేలో పడ్డట్టే. మీరు రాసుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్, ఏది ఎక్కడికి మార్చి చూశారో, కంప్రెషన్ అంకెలు ఉన్న కాగితం ఇవ్వండి, అతని సమయం, మీ డబ్బు రెండూ మిగులుతాయి.

మిస్సింగ్ పోయాక కూడా పీ0420 మిగిలిపోతుంటుంది, కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని. వెంటనే కన్వర్టర్ కొనకండి. కోడ్ చెరిపి, కొన్నాళ్లు రకరకాల వేగాల్లో నడిపి, స్వీయపరీక్షలన్నీ పూర్తయ్యాయని స్కానర్ చూపించేదాకా ఆగండి. మళ్లీ వస్తే ముందుగా వెనుక సెన్సర్ దగ్గర పైపు కారుతోందేమో చూడండి. లీకు లేకపోతే ఇంజిన్ బాగా వేడెక్కాక 2500 ఆర్‌పీఎం వద్ద నిలిపి, రెండు ఆక్సిజన్ సెన్సర్ల గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టండి. పాత రకం సెన్సరైతే ముందుది 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతుంది, వెనుకది నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ముందుదానికి తోడుగా అంతే జోరుగా ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోయింది, మార్చాల్సిందే.